లెవ్కె రాసిన పేజీ

మే నెల మొదటి బుధవారం, ఉదయం. హుసుమ్ పట్టణం ఉత్తరపు అంచున ఒక పాత ఇంటి పై అంతస్తులో, వంటింటి కిటికీ పక్కనున్న బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు రొట్టెల దుకాణంలో పనిచేసే ఫ్రావ్కె థోమ్సెన్. రెండోది ఆమె కూతురు టోమ్కె, ఈ జూన్‌లో బడి చదువు ముగించబోతున్న పిల్ల. మాటల్లో మాత్రం మూడో మనిషి కూడా ఉంది. రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆ మూడో మనిషి ప్రసక్తి లేకుండా ఒక్క ఉదయమూ గడవలేదు. ఆమె పేరు లెవ్కె.

"రాసిచ్చిందా మరి?" అంది ఫ్రావ్కె, రొట్టెకు వెన్న పూస్తూ.

"రాస్తుందిలే. దానికీ పరీక్షలే కదా."

ఏటా బడి విడిచిపోయే పిల్లలు తమ తరగతికంతా కలిపి ఒక వీడ్కోలు సంచిక అచ్చు వేయించుకోవడం ఆ ఊళ్ళో రివాజు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. పైన చిన్ననాటి ఫోటో, దాని పక్కన స్వభావం, ఇష్టాలు, ముందు ముందు ఏం చేయదలచుకున్నారన్న నాలుగు ముక్కలు. కింది సగం మాత్రం ఎవరికి వారు రాసుకోవడానికి లేదు. అది ప్రాణస్నేహితులు రాయాలి. టోమ్కె పేజీలో పై సగం ఎప్పుడో పూర్తయింది. వానకోటు తొడుక్కుని, ముందు పన్ను ఊడి నవ్వుతున్న ఆరేళ్ళ ఫోటోను ఫ్రావ్కెయే వెతికి ఇచ్చింది. 'ఇష్టాలు' అన్నచోట టోమ్కె 'పక్షులు' అని ఒక్క మాట రాసింది. 'ముందు ముందు' అన్నచోట 'లెవ్కెతో కలిసి హాంబర్గ్' అని రాసింది. కింది సగం ఖాళీ.

తల్లిదండ్రులు విడిపోయాక టోమ్కె తల్లితో ఫ్లెన్స్‌బుర్గ్ నుంచి ఈ ఊరికి వచ్చింది. ఆ తరగతి పిల్లలంతా చిన్న తరగతుల నుంచీ కలిసి పెరిగినవాళ్ళు. వాళ్ళ బెంచీలూ, తగవులూ, ముద్దుపేర్లూ అప్పటికే నిర్ణయమైపోయాయి. మొదటి వారమంతా ఫ్రావ్కె సాయంత్రం పూట ఒకే ప్రశ్న అడిగేది: ఈ రోజు ఎవరి పక్కన కూర్చున్నావు? మూడో వారంలో జవాబుగా లెవ్కె పేరు వినబడింది. ఆ రాత్రి ఫ్రావ్కె చాలాకాలానికి కడుపునిండా తిని నిద్రపోయింది. లెవ్కె వాళ్ళది బస్సు పోని చోట పొలాల మధ్య ఇల్లనీ, గుర్రాల పని ఉండటం వల్ల ఎక్కడికీ రాలేకపోతోందనీ తెలిసింది. ఆమె ఇంటికి రాకపోయినా ఫ్రావ్కెకు లోటు తోచలేదు. క్రిస్మస్‌కు మసాలా బిస్కట్లు రెండు డబ్బాలు చేసి, ఒకటి లెవ్కెకు పంపేది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చేది, నల్లగా మాడీ మాడనట్టున్నవే బాగున్నాయన్న కబురుతో. మరుసటి ఏడు ఫ్రావ్కె కావాలనే కొన్నిటిని కాస్త ఎక్కువసేపు కాల్చింది. ఫ్రావ్కె పుట్టినరోజుకు లెవ్కె దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద అది ఇంకా ఉంది.

ఆ బుధవారమే, ఫ్రావ్కె పనిలో ఉండగా, దుకాణానికి మొమ్మె వచ్చాడు. టోమ్కె తరగతివాడే, సంచిక పని చూసే నలుగురిలో ఒకడు. వరసలో తన వంతు వచ్చాక మోయిన్ అని పలకరించి, గసగసాల రొట్టెలు ఆరు కట్టించుకుని, డబ్బు ఇస్తూ గొంతు తగ్గించాడు.

"థోమ్సెన్ గారూ, టోమ్కె పేజీ కింద ఇంకా ఏమీ రాలేదండీ. రేపటిలోగా రాకపోతే అక్కడ ఖాళీగానే వదిలేస్తాం. తనకి చెప్పాను. సరే అంది, అంతే."

వెనక జనం ఉన్నారు. ఫ్రావ్కె తల ఊపి తర్వాతి మనిషికి నవ్వుతూ మోయిన్ చెప్పింది. రోజుకు ఎంతమందితో మాట్లాడుతుందో ఆమెకే తెలియదు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ, కుక్కల పేర్లూ, అల్లుళ్ళ ఉద్యోగాలూ ఆమెకు కంఠతా వచ్చు. కాని గాజు అలమరకు ఇవతల ఉన్న మనిషిని ఏమన్నా అడగాలని అవతలివాళ్ళకు తోచేది కాదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, టోమ్కె లేని సమయం చూసి, ఫ్రావ్కె కంప్యూటర్ ముందు కూర్చుంది. లెవ్కె మీద ఆమెకు కోపం రాలేదు. పొలం పిల్ల, చదువూ గుర్రాలూ రెండూ నెత్తిన ఉన్నాయి, మరిచిపోయి ఉంటుంది అనుకుంది. అందరి పేజీలూ నిండి తన కూతురి పేజీ ఒక్కటే బోసిగా ఉండటం మాత్రం ఆమె ఊహించలేకపోయింది. లెవ్కె స్థానంలో ఉండి, లెవ్కె ఏం రాస్తుందో అది రాసింది. మర్నాడు మొమ్మె రొట్టెలకు వచ్చినప్పుడు, లెవ్కె ఇచ్చి వెళ్ళిందని చెప్పి కవరు చేతిలో పెట్టింది. మొమ్మె కవరు కేసి ఒక క్షణం చూశాడు. తర్వాత మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం తరగతి గది గోడకు ప్రూఫులు గుచ్చారు. ఎవరి పేజీ వారు చదువుకుని, అచ్చుకు సమ్మతమేనని అడుగున సంతకం చేయాలి. టోమ్కె ఎప్పటిలాగే అందరూ తోసుకుని చూసి పోయేదాకా కిటికీ దగ్గర నిలబడింది. హావ్కె పేజీలో అగ్నిమాపక దళపు బ్యాండులో అతను ఊదే పెద్ద ఇత్తడి బాకా, మొదటి పీరియడులో తీసే కునుకు, లాయరు కావాలన్న కోరిక ఉన్నాయి. మొమ్మె గాలిమరల చదువుకు కీల్ వెళతాడు. హ్యాండ్‌బాల్ జట్టు నాయకురాలు స్వేయా ఒక ఏడాదిపాటు ఆస్ట్రేలియాలో పళ్ళు కోసే పనికి పోతుంది. ఆ స్వేయా తన పేజీ దగ్గర కాక టోమ్కె పేజీ ముందు ఆగిపోయి ఉంది.

"టోమ్కె, ఎవరీ లెవ్కె?"

టోమ్కె కిటికీ దగ్గర నుంచి కదిలింది. ఆమె వచ్చి చదివింది.

'టోమ్కె ముందు మాట్లాడదు, చూస్తుంది. ఆమె మిమ్మల్ని గమనించలేదని మీరు అనుకునేవేళ గమనించే ఉంటుంది. నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ పన్ను ఎప్పుడో మళ్ళీ మొలిచిందని ఆమెకు గుర్తుండదు. జ్వరం వస్తే తురిమిన ఆపిల్‌లో రస్కు నలిపి పెట్టాలి, మరొకటి ముట్టదు. ఆమె పక్కన మాటలు లేకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు. వచ్చే ఏడాది మేమిద్దరం హాంబర్గ్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. ఆమెతో రోజూ పొద్దున్నే కాఫీ తాగే భాగ్యం మీలో ఎవరికీ లేదు. నీ లెవ్కె.'

ఆపిల్, రస్కు అన్నచోటికి వచ్చేసరికే టోమ్కెకు అంతా అర్థమైంది.

"పాత ఊరి స్నేహితురాలు," అంది.

"నా పేజీ నలుగురు కలిసి రాశారు తెలుసా. నేను జట్టు పార్టీలో తాగి పడవలోంచి పడ్డ సంగతే నాలుగు రకాలుగా రాశారు." స్వేయా నవ్వింది. అయినా అక్కడి నుంచి కదల్లేదు. "నాకు జ్వరం వస్తే ఏం తింటానో వీళ్ళలో ఎవరికీ తెలీదు."

ఎవరైనా ఎగతాళి చేసి ఉంటే టోమ్కె తట్టుకునేది. అందుకు రెండేళ్ళుగా సిద్ధంగానే ఉంది. అసూయ ఎదురవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అందరూ వెళ్ళాక గుండుసూదులు పీకి, పేజీని సంచిలో పెట్టుకుని, సైకిలెక్కింది.

ఇంట్లో ఫ్రావ్కె అమ్ముడుపోక మిగిలిన రొట్టెలను సంచిలోంచి తీస్తూ ఉంది. టోమ్కె పేజీని బల్ల మీద పరిచింది.

"ఇది నువ్వు రాశావు."

ఫ్రావ్కె ఇందుకు సిద్ధపడే ఉంది. లెవ్కెకు తీరిక లేదు కదా, అందుకని కాస్త సాయం చేశానంది. ఆ పిల్ల ఏమీ అనుకోదనీ, కావాలంటే తనే ఫోన్ చేసి క్షమించమని అడుగుతాననీ అంది. నంబరు ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా నువ్వే ఇవ్వలేదని కూడా గుర్తుచేసింది.

"నంబరు లేదమ్మా."

"పోట్లాడుకున్నారా?"

"లెవ్కె లేదు."

ఫ్రావ్కె చేతిలోని రొట్టె బల్ల మీద పడింది.  ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు?" అంది. "అయ్యో, ఎలా జరిగింది? ఆ గుర్రాల వల్లేనా?"

టోమ్కెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ నిమిషంలో తల్లి కళ్ళలో నిండుతున్న నీళ్ళు ఎవరి కోసమో తెలిశాక, అక్కడ నిలబడటం ఆమెకు కష్టమైంది.

"చచ్చిపోలేదమ్మా. పుట్టనే లేదు. నేనే కల్పించాను."

 ఫ్రావ్కె తనకు తెలియకుండానే ఫ్రిజ్ వైపు తిరిగింది.

"ఆ కార్డు?"

"నేనే. ఎడమ చేత్తో రాశాను."

"నీ కార్డు నువ్వు వేరే ఇచ్చావు కదా ఆ రోజు."

"అవును. ఒక్కటే ఉంటే బాగుండదనిపించింది."

"బిస్కట్ల డబ్బా?"

"సముద్రపు కట్ట మీద గొర్రెల కొట్టం ఉంది చూడు, దాని వెనక బల్ల మీద కూర్చుని తినేదాన్ని. మాడినవి నాకే ఇష్టం."

ఫ్రావ్కెకు అప్పుడు వచ్చింది కోపం. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. బల్ల మీద రొట్టె పొడిని అరచేత్తో ఒకచోటికి చేరుస్తూ, రెండేళ్ళపాటు తనను వెర్రిదాన్ని చేశావంది. చలికాలంలో ఆ పిల్లకు చేతితొడుగులు అల్లానంది. హాంబర్గ్‌కు ఒంటరిగా పంపాల్సి వస్తే నిద్ర పట్టేది కాదు, లెవ్కె తోడుందని ధైర్యంగా ఉన్నానంది. అది లేకపోతే హాంబర్గ్ మాటేమిటని అడిగింది.

హాంబర్గ్ కూడా లేదు. టోమ్కె సంచిలోంచి రెండో కాగితం తీసి మొదటిదాని పక్కన పెట్టింది. ఒడ్డుకు దూరంగా హాల్మ్‌సాండ్ అనే ఇసుకతిప్ప ఉంది. అక్కడ పక్షులు గుడ్లు పెడతాయి. తిప్ప మీద ఎత్తైన కొయ్య స్తంభాలపై ఒక గుడిసె కట్టారు. పక్షులను లెక్కించి కాపాడే సంస్థ ఏటా వయసు పిల్లలను ఇద్దరిని అక్కడ కాపలా ఉంచుతుంది. చలికాలంలో మాత్రమే ఒడ్డుకు వస్తారు. ఆ పని టోమ్కెకు దొరికింది. ఆగస్టు మొదటి తేదీన చేరాలి. ఆమెకు పద్దెనిమిది నిండేది ఆ నెలాఖరుకు. అందువల్ల తల్లి సంతకం కావాలి, అది సోమవారంలోగా అందాలి.

"బడిలో ఒక్కరితో కలవలేనిదానివి, సముద్రం మధ్యకు పోతావా?"

"నేనొక్కదాన్నే కాదు. ఇంకొకమ్మాయి కూడా ఉంటుంది. యూలె అని, కాసెల్ నుంచి."

ఫ్రావ్కె తల ఎత్తింది. "ఆవిడ పుట్టిందా, లేకపోతే ఆవిణ్ణి కూడా నువ్వే పుట్టించావా?"

అనేశాక ఆమెకే ఆ మాట చేదుగా తగిలింది.  టోమ్కె బైనాక్యులర్స్ మెడలో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఫ్రావ్కె కిటికీలోంచి చూసింది. కూతురు సైకిల్ తాళం తీసి కూడా ఎక్కకుండా, తల వంచుకుని, హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఫ్రావ్కె ఏప్రాన్ విప్పి కోటు తొడుక్కుని కిందికి వచ్చింది. ఏడాదిగా తీయని తన సైకిల్ సీటు మీది దుమ్మును చేత్తోనే తుడిచింది.

ఇద్దరూ సైకిళ్ళు ఎక్కి సముద్రపు కట్ట దారి పట్టారు. టోమ్కె ముందు పోతూ మలుపుల దగ్గర మాత్రం నిదానించింది. ఎదురుగాలి. కట్ట అడుగున గేటు తెరిచి, గొర్రెలను అదిలిస్తూ, సైకిళ్ళు నడిపించుకుంటూ పైకెక్కారు. సముద్రం పాటు మీద ఉంది, నీరు బాగా వెనక్కి తీసింది. కంటికి ఆనినంత మేర బూడిదరంగు బురద, అక్కడక్కడ సన్నని నీటి చాళ్ళు, వాటి మీద సాయంకాలపు వెలుగు. కొట్టం వెనక బల్ల గాలికి చాటున ఉంది. ఫ్రావ్కె దాని మీద చెయ్యి వేసి చూసింది. తన బిస్కట్లు రెండు క్రిస్మస్‌లు ఇక్కడికే వచ్చాయన్నమాట.

"చలి వేయలేదా?"

"చేతితొడుగులు ఉన్నాయిగా. లెవ్కెవి."

ఫ్రావ్కెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టోమ్కె బైనాక్యులర్స్ ఆమె మెడలో వేసి, భుజాలు పట్టుకుని తిప్పింది. కట్ట కింది గడ్డిలో నల్లటి బాతులు వందలకొద్దీ మేస్తున్నాయి. ఇంకో వారం పది రోజుల్లో అన్నీ సైబీరియాకు లేచిపోతాయట. బయలుదేరే ముందు రోజు ఊరికే ఎగిరి ఊరికే వాలుతూ ఉంటాయట, ధైర్యం సరిచూసుకున్నట్టు. ఆ చివర కుంటుతున్నది పోయినేడు కూడా వచ్చిందట, దానికి జత లేదట, అయినా మందలో దాన్ని ఎవరూ పొడవరట. టోమ్కె మాట్లాడుతూనే ఉంది. పిట్టల నుంచి పిల్లల మీదికి వెళ్ళింది. హావ్కె లాయరు కాడంది, వాళ్ళ నాన్నకు నడుము పడిపోయినప్పటి నుంచి ఆవుల పాలు పితికి వస్తాడు కనకనే మొదటి పీరియడులో నిద్రపోతాడంది. మొమ్మె మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడంది, నత్తి పోయినా ఆ భయం పోలేదంది. స్వేయా అందరికన్నా గట్టిగా నవ్వుతుంది కాని ఇంటికి పోయే బస్సు రెండుసార్లు వదిలేసి మూడోది ఎక్కుతుందంది.

ఫ్రావ్కె బైనాక్యులర్స్ దించింది. కూతురు ఇంతసేపు మాట్లాడగా ఆమె రెండేళ్ళలో వినలేదు. తనకు చెప్పినవన్నీ లెవ్కె కబుర్లే.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

టోమ్కె బాతుల వైపే చూస్తూ నెమ్మదిగా జవాబిచ్చింది. "రోజూ అడిగేదానివి, ఎవరి పక్కన కూర్చున్నావని. ఎవరూ లేరంటే నీ గొంతు మారిపోయేది. నాకు అంత కష్టంగా ఉండేది కాదమ్మా. ఇక్కడికి వస్తే సరిపోయేది. నీకే ఎవరో ఒకరు కావాల్సి వచ్చింది."

గాలి కట్ట మీద గడ్డిని ఒకవైపుకు దువ్వుతోంది. ఆ మాటలో నింద లేదని ఫ్రావ్కెకు తెలుసు. అందుకే అది అంత లోతుగా దిగింది. భర్త వెళ్ళిపోయాక ఈ ఊళ్ళో తన గుమ్మం తొక్కినవాళ్ళు ఎవరూ లేరు. తన పుట్టినరోజుకు వచ్చిన రెండు కార్డులూ ఒక చేతివే. లెవ్కె గుర్రాల గురించీ, తమ్ముడి అల్లరి గురించీ ప్రతి ఉదయం అడిగి అడిగి తెలుసుకున్నది తనే. పిల్లకు స్నేహితురాలు దొరికిందని ఇన్నాళ్ళూ సంబరపడింది. ఆ స్నేహితురాలిని తన కోసమే పిల్ల రోజూ ఇంటికి మోసుకొచ్చింది.

"రావే, నా చిట్టెలకా," అంది ఫ్రావ్కె. టోమ్కె చిన్నప్పటి ఆ పిలుపుకు తల వంచి ఆమె భుజం మీద వాలింది. ఇద్దరూ ఆ బల్ల మీద, మాటలు లేకుండా, పోటు నీరు చాళ్ళలోకి తిరిగొచ్చేదాకా కూర్చున్నారు.

ఇంటికి వచ్చేటప్పటికి ఇంకా వెలుతురు ఉంది. రెండు కాగితాలూ బల్ల మీద వదిలేసినట్టే ఉన్నాయి. టోమ్కె పెన్సిల్ తీసుకుని, ప్రూఫులో హాంబర్గ్ అని ఉన్న వాక్యాలు కొట్టేసి అంచున హాల్మ్‌సాండ్ అని రాసింది. పొద్దుటి కాఫీ వాక్యాన్ని ముట్టుకోలేదు. అడుగున 'నీ లెవ్కె' అన్నది కొట్టేసి, 'అమ్మ' అని పెట్టింది.

"అమ్మ రాసిందంటే నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. స్వేయా నవ్వదు." టోమ్కె సంతకం చేసింది. తర్వాత ఫోన్ తీసి తల్లి ముందుకు జరిపింది. "యూలె నంబరు. ఈవిడకి నంబరుంది. కావాలంటే మాట్లాడు."

ఫ్రావ్కె ఫోన్‌ను వెనక్కి నెట్టింది. లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, కార్డు మీది అయస్కాంతాన్ని వేలితో కదిపింది.

"అది తీసేస్తావా?" అంది టోమ్కె.

"ఎందుకూ?"

"మరి ఆగస్టు నుంచి నువ్వు పొద్దున్నే ఎవరితో మాట్లాడతావు?"

"లెవ్కె ఉందిగా," అంది ఫ్రావ్కె. ఇద్దరూ నవ్వారు. టోమ్కె చెయ్యి నోటి వైపు లేచి సగంలో ఆగింది. ఫ్రావ్కె నవ్వు మాత్రం కాస్త ముందుగానే అయిపోయింది. ఆమె కార్డును ఉన్నచోటే ఉంచి, వచ్చి కూర్చుని, రెండో కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్క అక్షరమూ వదలకుండా చదివింది. చుక్కల గీత మీద ఎప్పటికన్నా నిదానంగా, ప్రతి అక్షరమూ తెలిసేటట్టు, ఫ్రావ్కె థోమ్సెన్ అని సంతకం చేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని మూడు మడతలు పెట్టి కవరులో దోపింది. పొద్దున దుకాణానికి పోతూ తన చేత్తోనే పోస్టులో వేయాలని, దాన్ని తలుపు వెనక వేలాడే తన కోటు లోపలి జేబులో దాచింది.